దండెం కింది పంగకట్టె

ఆ ఏడు ఎండాకాలం మా దండెం ఇనుపదైంది.

చైనా లడాయి అయిపోయిన మరుసటేడు అది. బొంబాయి సడక్ మీద, జహీరాబాద్ దాటి చిరాగ్‌పల్లి దిక్కు పోతుంటె ఒక వాగు అడ్డమొస్తది. వానకాలంల ఆ వాగు పొంగితె బస్సులు, లారీలు ఇటుదిక్కు ఇటే, అటుదిక్కు అటే నిలబడుతుండె. దాని మీద పెద్ద బ్రిడ్జి కడుతున్నమని సర్కారోళ్ళు అన్నరు. మా ఇల్లు ఆ వాగు ఒడ్డుకే. మేం చాకలోళ్ళం, నీళ్ళున్న కాడనే మా బతుకు. అత్తగారింటికి వచ్చినప్పటికెల్లి నేను ఆ వాగుల బండ మీద బట్టలు పిండుడే, ఒడ్డున దండేలకు ఆరేసుడే.

ముందుగాల లారీల మీద సామాను దిగింది. తర్వాత చూస్తె వాగు నడుమ ఒక ఇనుప మాను లేచి నిలబడ్డది. దానికి ఒక్కటే చెయ్యి. ఆ చెయ్యితోని ఇనుప దూలాలు, రాళ్ళ తొట్లు లేపి, ఇటుకెల్లి అటు తిప్పి దించుతది. క్రేను అంటరట దాన్ని. మాను ఒరిగిపోకుంట కొసకెల్లి నాలుగు దిక్కుల ఇనుప తాళ్ళు గుంజి కట్టిన్రు. అండ్ల ఒకటి మా ఇంటి మూల మీదికెల్లి వచ్చి, మేం బట్టలారేసే జాగల దిగింది. అక్కడ ఎడ్లబండి పట్టేంత గుంత తవ్వి, అడుగున దొడ్డు మొద్దు అడ్డం పెట్టి, దానికి తాడు చుట్టి, మీద రాళ్ళూ మన్నూ నింపిన్రు.

మా మామ నర్సప్పను ఎవరన్న అడిగిన్రా అంటె, ఎవరడుగుతరు? సర్కారు జాగ. మామ బీడి తాగుకుంట చూసి, "ఈడ్నే మా దండెం గుంజ ఉండె గద" అన్నడు. తవ్వేటోడు మంచోడే, గుంజను పీకి మామ చేతిల పెట్టిండు.

మా ఆయన సంగయ్య చూడనీకె పోయిండు, కొలువుల చేరి వచ్చిండు. క్రేను మీద పెద్ద మిస్త్రీ ముష్తాక్ అని, బీదర్ ఆయన. ఇంజను నడిపేటోళ్ళు ఒడ్డున కూసుంటరు, బరువు వాగు నడుమ దిగుతది. దింపాలెనా, ఆపాలెనా అని ఒకడు నడుమల నిలబడి జెండా చూపియ్యాలె. పని కోసం గుంపు నిలబడ్డోళ్ళల్ల మా ఆయన అంగి తెల్లగ మెరుస్తుండెనట. "ఈనె దూరం నుంచి మంచిగ కనబడతడు" అని మిస్త్రీ ఏరుకున్నడు. ఆ అంగి ఉతికింది నేనే. గంజి పెట్టింది కూడ నేనే.

ఎర్ర జెండా, పచ్చ జెండా చంకల పెట్టుకొని ఇంటికొచ్చి ఆయన నిలబడ్డ తీరు చూడాలె. మా అత్త నాగవ్వ నవ్వి నవ్వి, "ఏందిరా, రైలు నడిపిస్తవా?" అన్నది.

"రైలు ఏంది అవ్వా, దానికంటె పెద్దది. నేను ఎర్ర జెండా ఎత్తితె ఆకాశంల దూలం ఆగిపోతది."

నాకు మాత్రం ఆ మాట ధైర్యమియ్యలె. ఆగిపోకపోతె? అన్న ఆలోచన వచ్చింది. అదే మొదలు. ఆ వానలు పడేదాక నా పాణం పాణంల లేకుండె.

పొద్దుగాల సీటీ కొడుతరు. సీటీ ఇనబడితె బరువు లేస్తున్నదని గుర్తు. ఆ చెయ్యి తిరిగేటప్పుడు దాని నీడ వాగు దాటి, ఒడ్డెక్కి, మా వాకిలి మీదికెల్లి పోతుండె. బరువు పట్టుకున్న నీడ. నాకు అప్పటికి బిడ్డ పుట్టి ఇంకా అన్నప్రాసన కూడ కాలె. ఉయ్యాల వాకిట్ల కట్టుకున్నం. నీడ వచ్చుడు చూస్తనే నేను చేతిల ఉన్న బట్ట అక్కడ పారేసి, ఉరికి వచ్చి, బిడ్డను ఎత్తుకొని ఇంట్ల పడుతుంటి. నీడ పోయినంక మల్ల బయటికి. ఇట్ల పొద్దంత.

"పక్షి నీడ పడితె పిల్లలకు దోషమంటరు గని, ఇనుప నీడకు ఏం దోషమే తారా?" అని అత్త ఎక్కిరిచ్చేది. "అది గుడ్లు పెడుతదా, పిల్లలను చేస్తదా?"

"పక్షి మీద పడితె రెక్కల దుమ్మన్న పడుతది అత్తా. అది పడితె ఏముంటది?"

"పడదు తియ్. పడేటిదైతె గిన్ని తాళ్ళెందుకు కడుతరు?"

నేను అదే అనుకుంటుంటి. పడేటిది కాకపోతె గిన్ని తాళ్ళెందుకు కడుతరు? మాట ఒకటే, అత్తకు ధైర్యం, నాకు భయం.

బిడ్డను ఇంట్లకు తీస్కపోతె ఆయెపాయె. మా ఆయనను ఎక్కడికి తీస్కపోను? ఆయన ఆ బరువు కిందనే నిలబడాలె, అదే ఆయన పని. ఒక దినం పగటి అన్నానికి వచ్చినప్పుడు అడిగిన. జొన్నరొట్టె, పుంటికూర పెట్టి, పక్కకు కూసొని, నిమ్మళంగనే అడిగిన.

"ఇగో, నాకీ పని వద్దు."

"నీకెవరిచ్చిన్రు? పని నాది" అని నవ్విండు.

"నవ్వకు. నువ్వు దాని కింద నిలబడితె నాకు ఇక్కడ చేతులాడతలేవు. నిన్న సేటోళ్ళ ధోతిని రెండుసార్లు పిండిన, ఒక్కసారి కూడ జాడియ్యలె. బట్టలు ఉతుక్కుందం. నీళ్ళు మన మీద పడవు."

ఆయన రొట్టె తుంచుడు ఆపిండు. "తారా, పుట్టిన కాడికెల్లి ఒకరి బట్టలు మోసిన. ఏ ఊరికి పోయినా ఇంటి వెనకకెల్లి పిలుస్తరు. ఇక్కడ నేను చెయ్యి ఎత్తితె ఇంజనీరు కూడ ఆగుతడు. జర అర్థం చేస్కో."

నాకు అర్థమయింది. అర్థమయితె మాత్రం భయం పోతదా?

"వానలొచ్చే లోపల బ్రిడ్జి అయిపోవాలె" అన్నడు. "అయిపోతనే జెండాలు వాపస్ ఇచ్చేస్త. ఝరాసంగం సంగమేశ్వరుని మీద ఒట్టు. గంతవరకు ఓపిక పట్టు."

ఆ దేవుని పేరే పెట్టుకున్నోడు ఒట్టేసిండు. ఇగ నేనేమంట? మొగులు దిక్కు చూసుకుంట దినాలు తోలిన. నాకు వానలు రావాలె, ఇంజనీరుకు వానలు రావొద్దు. ఆ ఎండాకాలం ఇద్దరం రోజూ పొద్దుగాల ఒకటే ఆకాశం దిక్కు చూసినం.

పెండ్లిళ్ళు మొదలైనయి. ఎండాకాలం మా పనికి ఊపిరాడదు. ఊళ్ళె పెండ్లిళ్ళు, మొగుడంపల్లి దిక్కు పెండ్లిళ్ళు, జహీరాబాద్ కస్బల తురకోళ్ళ నిఖాలు. కింద పరిచే జంఖానాలు, పరుపుల గలీబులు, తిండి కాడ పరిచే దస్తర్‌ఖాన్లు మూటలు మూటలు గాడిదల మీద వచ్చి పడుతుండె. మా ఆరేసే జాగల సగం ఆ గుంత తిన్నది. దండేలు సరిపోతలేవు. మామ ఒక పొద్దు ఆ ఇనుప తాడును చేత్తోని పట్టి చూసిండు. గుంత కాడ అది మనిషి ఎత్తుల ఉంటది, ఇంటి దిక్కు పోయినకొద్ది పైకి లేస్తది. గట్టిగ ఉన్నది. నూనె కారుతున్నది.

"దీనంత మంచి దండెం జిల్లల లేదు" అన్నడు.

"మరకలైతయి" అన్నది అత్త.

మామ పాత ధోతి చింపి, చేతికందినంత మేర తాడుకు పట్టి లెక్క చుట్టిండు. దాని మీద పెద్ద జంఖానా ఆరేసిండు. జంఖానా ఎండ పట్టుకొని జల్ది ఆరింది. అన్ని జంఖానాలు ఇగ దాని మీదనే.

మిస్త్రీ చూసి ఉరికొచ్చిండు. మనిషి పొడుగు, గడ్డానికి మెహందీ, మాట పెద్దది. రోజు పొద్దుగాల నాలుగు తాళ్ళ కాడికి పోయి, అరచేత్తోని కొట్టి, కొసదాక కన్నువేసి చూసుడు ఆయన అలవాటు.

"చాచా! ఇదేంది? క్రేన్ తాడు మీద కపడాలా? అక్కల్ ఉన్నదా?"

"ఆరుతనే తీస్త మిస్త్రీ" అన్నడు మామ.

"అభీ తియ్యాలె!"

తీసినం. మర్నాడు మల్ల వేసినం. మల్ల ఒర్లిండు. మూడోసారి వచ్చినప్పుడు ఆయన అంగి వీపంత నూనె, మసి. మా అత్త చూసి, "గా అంగి ఇప్పు నాయినా, చూస్తె నాకే సిగ్గయితున్నది" అన్నది. బీదర్‌ల పెండ్లాముంటె, ఇక్కడ డేరల ఒక్కడు, ఆయనకెవరు ఉతుకుతరు? నేను చౌడు పెట్టి, ఉడుకబెట్టి, ఆ మసి అంత దించిన. ఇస్త్రీ చేసి ఇస్తె అంగి దిక్కు, నా దిక్కు చూసి, "బెహెన్, ఇది నాదేనా?" అన్నడు. ఆ దినం నుంచి ఆయన బట్టలు మా ఇంటికే. ఆరేసుడు కూడ ఆ తాడు మీదనే. ఆయన ఒర్లుడు తగ్గింది. తాడు కొట్టి చూసుడు మాత్రం మానలె. బట్టల నడుమ చెయ్యి పెట్టి ఒకసారి కొట్టి, "ఠీక్" అని పోతుండె. ఒకోసారి మామ ఇచ్చిన బీడి తాగి పోతుండె.

తడిబట్టల నీళ్ళు యాడికి పోతయి? తాడు కిందనే కారుతయి. బట్టలు ఉడికిన బాన నీళ్ళు కుమ్మరించేది కూడ ఆ పక్కకే. గుంత మీది మన్ను పొద్దంత తడిగనే ఉంటుండె. అది ఎవరు చూసిన్రు? నేను రోజు అక్కడ్నే నిలబడి పైకే చూసిన. నా కండ్లు చెయ్యి మీద, బరువు మీద, నీడ మీద. కింద ఏమైతున్నదో చూడాలన్న తెలివి నాకు లేకపాయె.

ఒక దినం పొద్దుగాల జంఖానా అంచు భూమికి తాకింది. తాడు కొద్దిగ జారింది. మీరు దండెం మీద బట్టలారేసినోళ్ళయితె మీకు తెలుసు, బరువుకు దండెం జారుతది, జారితె నడుమల ఒక పంగకట్టె పెట్టి లేపుతం. పొద్దుకు పదిసార్లు చేసే పని. దానికి ఎవరిని అడుగుతరు? మామ వేపకట్టె పంగది తెచ్చి, తాడు కింద పెట్టి, బలం పెట్టి నిలబెట్టిండు. తాడు మల్ల చక్కగ అయింది. కట్టె అడుగున రాయి కూడ పెట్టిండు, జారకుంట.

"ఇగ చూడు" అన్నడు. జంఖానా భూమికి మూరెడెత్తు లేచింది. నేను మిస్త్రీ అంగీలు దాని పక్కకే ఆరేసిన.

మిస్త్రీ వచ్చిండు. అరచేత్తోని తాడు కొట్టిండు. గట్టిగ పలికింది. అటు ఇటు చూసి పోయిండు.

రోహిణి ఎండలల్లనే గాలి మారింది. పడమటికెల్లి మబ్బులు లేసుడు మొదలైంది. ఇంజనీరు మదన్‌మోహన్ సార్ హైదరాబాద్‌కెల్లి వచ్చి డేరలనే పండుతుండె. వాగు వచ్చే లోపల ఆఖరి దూలాలు ఎక్కాలె అని పొద్దు ఎక్కకముందే సీటీ, పొద్దు గూకినంక కూడ సీటీ. మా ఆయన గొంతు పోయింది, మనిషి నల్లబడ్డడు. "ఇగ అయిపోయినట్టే తారా" అంటుండె. అయిపోయినట్టే అన్నప్పుడల్ల నాకు ఇంకా భయమయ్యేది.

ఆ దినం చిన్నదానికి జరమొచ్చింది. పొద్దుగాలికే ఒళ్ళు పెనమయింది, పాలు తాగుతలేదు. నేను ఇగ ఉండబట్టలేక, "నీడే, ఆ నీడే తగిలింది" అని ఏడిసిన. అత్త ఈసారి ఎక్కిరియ్యలె. ఉప్పు దిగదుడిసి, "సంగయ్యను పిలువు, దవాఖానకు తీస్కపోదం" అన్నది. మామ పోయి పిలిచిండు. మిస్త్రీ అన్నడట, "పో భాయ్, బచ్చీని చూస్కో. జెండా నేను పడుత." మా ఆయన జెండాలు ఆయన చేతికిచ్చి ఇంటికి వచ్చిండు.

బిడ్డను ఆయన చేతికిస్తున్న. సీటీ ఇనబడ్డది. అలవాటు కొద్ది మీదికి చూసిన. పెద్ద దూలం లేస్తున్నది. అప్పుడు మీద కాదు, కింద సప్పుడైంది. గుంత మీది రాళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లినయి. తడిమన్ను పగిలి, అడుగున పడుకున్న మొద్దు లేచి కూసున్నట్లు మీదికి వచ్చింది. పంగకట్టె ఎగిరి వాకిట్ల పడ్డది. తాడు బట్టలతోని సహా మా ఇంటి మీదికెల్లి జర్రున పోయింది. వాగుల ఇనుప మాను ఒక్కసారి పడలె. మెల్లగ, ఎవరో చెయ్యి పట్టి కూసోబెట్టినట్లు, ఒరిగింది. చెయ్యి వాగుల ఇసుకల దిగబడ్డది.

దుమ్ము పోయినంక కేకలు ఇనబడ్డయి. ఎవరో అరుస్తున్నరు, "మిస్త్రీ! మిస్త్రీ కింద ఉన్నడు!"

మా ఆయన బిడ్డను నా చేతుల పెట్టి ఉరికిండు. నేను అక్కడ్నే నిలబడ్డ. ఆయన ఉరికేటప్పుడు ఆయన రెండు కాళ్ళనూ చూసిన. అబద్ధమెందుకు, నాకు సంతోషమైంది. నా పెనిమిటి నా వాకిట్ల ఉన్నడు, ఇంకొకరి పెనిమిటి అక్కడ ఉన్నడు. బిడ్డను గట్టిగ పట్టుకొని సంతోషంతోని ఏడిసిన. ఆ తర్వాత మిస్త్రీ అంగీ ఒకటి మా ఇంటి కప్పు మీద పడి ఉండుడు కనబడ్డది. తెల్లగ ఉన్నది. అప్పుడు ఇంకో తీరు ఏడుపు వచ్చింది.

మిస్త్రీ బతికిండు. కుడికాలు మోకాలు కింద నుజ్జయింది. మా ఆయనా ఇంకొందరు తడకల మీద వేసుకొని సర్కారు దవాఖానకు మోసిన్రు. ఆయన ఎక్కడ నిలబడ్డడో అది మా ఆయన రోజు నిలబడే జాగ. ఆ మాట ఇంట్ల ఎవ్వరం అనలె.

చిన్నదాని జరం రెండో దినానికి తగ్గింది.

ఇంజనీరు వచ్చి గుంత చూసిండు. పెద్ద సార్లు ఇంకొందరు వచ్చి చూసిన్రు. రోజు తాడు చూడాల్సింది ఎవరు అంటె మిస్త్రీ అన్నరు. మిస్త్రీ గఫ్లత్, మిస్త్రీ చూసుకోలె అన్నరు. అయిపాయె. మామ వాకిట్ల కూసొని ఇదంత ఇన్నడు. ఆయన కాళ్ళ కాడ పంగకట్టె ఉండె. సార్లు దాన్ని దాటుకొని పోయిన్రు. దాన్ని ఒక్కరన్న చూస్తె కద! చాకలోళ్ళ ఇంటి ముందట పంగకట్టె ఉండక ఏముంటది?

మామ అన్నం తినుడు బంద్ చేసిండు. అత్త క్రేను పడ్డ భయం అనుకున్నది. నాకు తెలుసు. కట్టె పెట్టేటప్పుడు నేను పక్కకే ఉంటి. ఆయన నా దిక్కు చూస్తడు, నేను ఇంకో దిక్కు చూస్త. ఒకనాడు పొద్దుగాల రొట్టెలు మూట కట్టమన్నడు. "మిస్త్రీ కాడికి పోదం పా" అన్నడు. బిడ్డను చంకల వేసుకొని మూట నేను పట్టుకున్న. ఆయన భుజం మీద పంగకట్టె పెట్టుకున్నడు. ఊరంత దాటుకుంట పోయినం, ఎవరు చూసిన్రో ఎవరు చూడలేదో. ఆయన చెప్పినంక పోలీసులొస్తరా? ఇల్లు కూలగొడుతరా? చాకలోడు క్రేను పడగొట్టిండంటె మాకు ఆ ఒడ్డున ఎవరు బట్టలేస్తరు?

మంచం కాడ మిస్త్రీ పెండ్లాం ఇమామ్ బీ కూసొని ఇసురుతున్నది. బీదర్‌కెల్లి ముందటి దినమే వచ్చిందట. నన్ను చూసి ఇసుర్రె ఆపి, నా చంకల బిడ్డ చెంప ముట్టింది. "జరం తగ్గిందా అమ్మా?" అన్నది. ఆయన చెప్పి ఉంటడు. నేను తలూపిన.

మామ కట్టెను మంచానికి ఆనిచ్చి నిలబెట్టిండు.

"మిస్త్రీ, తాడు కింద ఇది పెట్టింది నేనే. తాడు జారింది నాకు తెలిసింది. దండెం అనుకున్న. కట్టె పెట్టి నీ కండ్లు కప్పిన."

మిస్త్రీ కట్టె దిక్కు చానాసేపు చూసిండు. మొఖం ఎండిపోయింది, గడ్డం మెహందీ వెలిసింది.

"మాలూమ్ చాచా" అన్నడు.

"ఏం మాలూమ్?"

"రోజు చూస్తుంటి గద ఈ కట్టెను. నా అంగీలు దీని పక్కకే ఆరుతుండె." అన్నడు మిస్త్రీ. "తాడు జారింది, గుంత ఇప్పి మల్ల గట్టిగ పాతాలె అని దిల్‌ల అనుకున్న. అట్ల చేస్తె రెండు దినాలు పని బంద్. వాన నెత్తి మీద, ఇంజనీరు నెత్తి మీద. రేపు చేద్దం అన్న. మీ కట్టె నిలబడ్డది, తాడు గట్టిగ పలుకుతున్నది. నడవనీ అన్న."

మామ మంచం దగ్గరికి జరిగిండు. "అయితె నేను పోయి సార్‌కు చెప్త. తప్పు సగమన్న నా మీద వేసుకుంట."

మిస్త్రీ లేవబోయిండు, లేవలేకపాయె. "అల్లా కోసం ఆ పని చెయ్యకు! గఫ్లత్ అన్నరు, అననీ. గఫ్లత్ ఏ మిస్త్రీకి కాదు? కాలు మానినంక ఇంకోకాడ పని ఇస్తరు. చాకలోళ్ళ దండెం కట్టె మిస్త్రీని మోసం చేసింది అని తెలిస్తె? షోలాపూర్ నుంచి హైదరాబాద్ దాక నవ్వుతరు. నాకు బావి మీద గిలక కూడ ఎవరు అప్పజెప్పరు. నా రోటి తియ్యకు చాచా."

తప్పు ఒప్పుకుందమని పోయినోని నోరు అట్ల కట్టేసిండు. మామ నిలబడి నిలబడి, కట్టె వాపస్ తీసుకోబోయిండు. మిస్త్రీ వద్దన్నడు. కట్టె పట్టుకొని చంక కింద పెట్టి చూసుకున్నడు. "జర పొడుగున్నది" అన్నడు. "కింద కోయిస్త. ఇది ఇక్కడనే ఉండనీ. నాకూ పనికొస్తది, ఎవరూ అడగరు."

ఇంటికి వచ్చేటప్పుడు మామ చేతులు ఖాళీగ ఉండె. వాకిట్లకు వచ్చినంక, "తారా, సంగయ్యకు చెప్పకు" అన్నడు. చెప్పలె.

మృగశిర కార్తె తోని వాన పడ్డది. వాగు వచ్చింది. బ్రిడ్జి సగంల నిలబడ్డది, ఇగ వచ్చే ఏడేనట. ఇరిగిన క్రేనును ముక్కలు ఇప్పి లారీలల్ల పంపిన్రు. మా ఆయన ఒట్టు నిలబెట్టిండు, జెండాలు ఇచ్చేసి బండ కాడికి వచ్చిండు. బట్టలు పిండుకుంట మెల్లమెల్లగ వాగు నడుమకు చూస్తుండె. ఆ ఖాళీ ఆకాశం ఆయనకు బాధ, నాకు పండుగ. కంటినిండ నిద్రపోయిన ఆ పది పదిహేను దినాలు.

ఒకనాడు పగటిపూట మిస్త్రీ వచ్చిండు. దవాఖానకెల్లి ఇడిసిన్రట. కుడికాలు ఉన్నది గని భూమి మీద ఆనుతలేదు. చంక కింద మా పంగకట్టె. పంగకు మెత్తగ గుడ్డ చుట్టుకున్నడు. ఆ గుడ్డ నేను గుర్తుపట్టిన, తాడుకు చుట్టిన ధోతి పేలికే. ఎవరో వాగుల ఏరి ఇచ్చి ఉంటరు.

షోలాపూర్ దిక్కు ఇంకో బ్రిడ్జి మీద పని దొరికిందని చెప్పిండు. సలాం చేసి పోదమని వచ్చిండట. చాయ తాగిండు. "తాళ్ళ కాడికి ఎట్ల ఎక్కుతవ్ మిస్త్రీ?" అని మా అత్త అడిగింది.

"కింద నుంచి చూస్త. అల్లా ఉన్నడు" అన్నడు.

మామ చాయ గిలాస కింద పెట్టిండు. "సంగయ్యను తీస్కపో" అన్నడు.

అందరం ఆయన దిక్కు చూసినం. మా ఆయనకు నోరు తెరుచుకుంది. జెండా పనిల చేరినప్పుడు, కులం పని ఇడిసిపెడుతున్నడని తిట్టింది మామనే. బీదర్ జాతరకు కూడ ఒక్కని పంపనోడు.

"ఎక్కాల్సిన కాడ ఈడు ఎక్కుతడు. నువ్వు కింద నుంచి చెప్పు" అన్నడు మామ. మిస్త్రీ దిక్కు చూడకనే అన్నడు. మిస్త్రీ కూడ ఆయన దిక్కు చూడలె, కట్టె పంగను చేత్తోని రాసుకుంట కూసున్నడు.

మా ఆయన నా దిక్కు తిరిగిండు. మొఖంల అంత ఆశ పెట్టుకొని కూడ, "తారా, నీకు ఒట్టేసిన. నువ్వు వద్దంటె పోను" అన్నడు.

ఎండాకాలమంత నేను దేవుని అడిగింది గా మాటనే. ఇప్పుడు నా నోట్ల ఉన్నది. వద్దు అంటె చాలు. అత్త కూడ నా దిక్కే ఉంటది. నేను ఆ కట్టెను చూసిన. మా ఆయన నిలబడే జాగల నిలబడి కాలు చెడగొట్టుకున్నోడు ఇగ దాని మీదనే నడుస్తడు. ఇమామ్ బీ నా బిడ్డ జరం అడిగింది యాదికొచ్చింది. మామ తల వంచుకొని ఉన్నడు. మామ ఎందుకు పంపుతున్నడో తెలిసినోళ్ళం మామ, మిస్త్రీ, నేను ముగ్గురం, తెలియనోడు నన్ను అడుగుతున్నడు.

"పో" అన్న. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, దాచుకోలె. "పొయ్యి, రోజు తాళ్ళు చూడు. చేత్తోని కొట్టి చూసుడు కాదు. కింద మొద్దు కాడికి పోయి, మన్ను తడిగ ఉన్నదా పొడిగ ఉన్నదా చూడు."

"అంతే బెహెన్" అన్నడు మిస్త్రీ.

మూడు అంగీలు గంజి పెట్టి, ఇస్త్రీ చేసి మూట కట్టిన. దూరం నుంచి కనబడాలె గద.

సడక్ మీద వాళ్ళను బస్సు ఎక్కిచ్చి మామ, నేను ఇంటికి వచ్చినం. వాన తెరిపిచ్చింది, ఎండ కొట్టింది. పొద్దున ఆరేసిన చీరల బరువుకు దండెం జారి, అంచులు మన్నుల రాసుకుంటున్నయి. అలవాటు కొద్ది నేను గోడకు ఆనిచ్చిన ఇంకో పంగకట్టె కోసం పోయిన. మామ నా చేతికెల్లి దాన్ని తీసుకొని పొయ్యి కట్టెలల్ల పడేసిండు. చీరలన్నీ ఒక్కొక్కటి దింపి నా భుజం మీద వేసిండు. దండెం ఇప్పిండు. గుంజను రెండు చేతుల పట్టి ఊపి చూసిండు. గుంజ మొదలు కాడ మన్ను తీసి, రాళ్ళు గుద్ది, మల్ల దండెం గుంజి కట్టిండు. బతికినన్ని దినాలు గట్లనే చేసిండు. ఎంత పనుండనీ, ఎన్ని మూటలుండనీ, మా దండెం కింద మల్ల కట్టె పెట్టనియ్యలె.

నేను చీరలు మల్ల జాడిచ్చి, ఒక్కొక్కటి ఆరేసిన.